ఇది ఎన్నోసారి?

టెర్మినల్ తెరిచి ‘పింగ్’ అని కొట్టి, పక్కన ఏదో ఒక సర్వరు పేరు ఇచ్చి ఎంటర్ నొక్కితే, తెర మీద ఒకదాని కింద ఒకటిగా వరసలు పడుతుంటాయి. ఇక్కణ్నుంచి చిన్న కబురు వెళ్లింది, అక్కణ్నుంచి తిరుగు కబురు వచ్చింది, మధ్యలో ఇన్ని మిల్లీసెకన్లు పట్టింది. వరసలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. చాలామంది చూపు చివరన ఉన్న మిల్లీసెకన్ల మీదికి పోతుంది. నా చూపు మాత్రం మధ్యలో ఉన్న ఓ చిన్న అంకె దగ్గర ఆగుతుంది. 1, 2, 3, 4 అంటూ వరసకొకటి చొప్పున పెరుగుతూ పోయే అంకె అది. 6 తర్వాత 8 కనిపించి ఊరుకుందంటే ఏడో కబురు దారిలో పోయిందన్నమాట. పోయినది తాను పోయానని చెప్పుకోలేదు. వచ్చినవాటి మీదున్న అంకెలే రానిదాని సంగతి చెబుతాయి.

ఈ పింగ్‌ను 1983 డిసెంబరులో మైక్ మూస్ రాశాడు. అప్పుడాయన అమెరికా సైన్యానికి చెందిన బాలిస్టిక్ పరిశోధనశాలలో పనిచేస్తున్నాడు. నెట్‌వర్కులో ఏదో తేడా కనిపిస్తే దాని అంతు తేల్చుకోవడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాం. నలభై ఏళ్లు దాటినా, నెట్ రాకపోతే తెలిసినవాళ్లు ముందు కొట్టి చూసేది దాన్నే. అది చేసే పనల్లా ఒకే కబురు మళ్లీ మళ్లీ పంపడం. ఆ మళ్లీ మళ్లీకి ఓ అంకె తోడవడం వల్లే అది పరీక్ష అయింది. అంకె తీసేస్తే అది చీకట్లో కేక వేయడమే, ఏ కేకకు ఏ బదులో తేలదు.

పదేపదే చేయడంలో కంప్యూటరుకు సాటి లేదని అందరూ అంటారు. నిజమే. అయితే అంతమాత్రాన పని జరిగినట్టు కాదు. ‘ఇది ఎన్నోసారి?’ అని ఏ క్షణాన అడిగినా జవాబు ఉండాలి. ఆ జవాబు ఉంటే వందసార్లు చేసింది వంద వేర్వేరు పనులవుతుంది. వాటిలో ఏ ఒక్కదాన్నయినా వేలు పెట్టి చూపించవచ్చు, విడిగా తీసి సరిదిద్దవచ్చు. లేకపోతే అదంతా ఒకే గుట్ట. కమాండ్ లైన్ మీద ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే లూపులు రాసేవాళ్లం రోజూ వాడి, పని కాగానే మర్చిపోయే కౌంటర్ అనే ఆ లెక్క అంకె గురించి, అది మోసే బాధ్యత గురించి నాలుగు మాటలు చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

నాకు పాత తెలుగు పుస్తకాల స్కాన్లతో పని. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను కంప్యూటర్లకెక్కించే ప్రాజెక్టు ఒకటి తలపెట్టారు. అందులో మన దేశం వంతుగా రూపుదిద్దుకున్నదే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. గ్రంథాలయాల అరల్లో దుమ్ము కొట్టుకుపోతున్న వేల తెలుగు పుస్తకాలు దాని పుణ్యాన వెలుగు చూశాయి. అప్పట్లో అక్కడ పుస్తకం అంటే ఒక ఫోల్డరు, పేజీ అంటే ఒక బొమ్మ. ఆ బొమ్మ పేరు ఎనిమిది అంకెలు: 00000001, 00000002, 00000003. పేర్లు అలా వరసగా ఉండటం వల్లే, పేజీలన్నిటినీ దించుకుని పుస్తకంగా కుట్టుకునే చిన్న చిన్న స్క్రిప్టులు పుట్టాయి. ఒక్క బొమ్మను దించే కమాండ్ ఒకటి, దానిలో అంకె ఉన్నచోట ఒక కౌంటర్, అంతే.

ఇప్పుడు ఆ బొమ్మల్లోంచి అక్షరాలను బయటికి తీయడం తర్వాతి అంచె. టెసరాక్ట్ అని ఒక ఓసీఆర్ పనిముట్టు ఉంది. హెచ్‌పీ కంపెనీలో 1980లలో మొదలై, 2005లో సోర్సుతో సహా అందరికీ అందింది. ఇప్పుడది తెలుగు కూడా చదువుతుంది. దానికి బొమ్మ ఇస్తే పాఠం ఇస్తుంది. పుస్తకంలో 312 బొమ్మలున్నాయనుకుందాం. కమాండును 312 సార్లు చేత్తో కొట్టే మనిషి ఎవరూ ఉండరు, ఉండకూడదు కూడా. అందుకని, టెర్మినల్‌లో మన కమాండ్లు అందుకుని నడిపించే షెల్‌తో ఇలా చెబుతాం: ‘ఐ’ అనే పేరుకు 1 నుంచి 312 దాకా ఒక్కో అంకె ఇస్తూ పో. ఆ అంకె ఉన్న బొమ్మను టెసరాక్ట్ చేతికివ్వు. వచ్చిన పాఠాన్ని అదే అంకె ఉన్న ఫైల్లో పెట్టు. అయిందని తెర మీద ఆ అంకె చూపించు.

ఒకే అంకె మూడు చోట్ల పనిచేసింది, చూశారా! లోపలికి వెళ్లేదాని పేరు అదే, బయటికి వచ్చేదాని పేరు అదే, చూస్తున్న మనిషికి చెప్పే కబురూ అదే. 137వ బొమ్మకూ 137వ పాఠానికీ మధ్య ఉన్న చుట్టరికం ఆ అంకె తప్ప ఇంకెక్కడా రాసి లేదు. ఆ లంకె తెగితే మన దగ్గర 312 బొమ్మలుంటాయి, 312 పాఠాలుంటాయి, పుస్తకం మాత్రం ఉండదు.

లెక్కపెడుతూ తిరగడం అన్న ఈ ఆలోచన కంప్యూటరు కన్నా పాతది. 1843లో ఏడా లవ్‌లేస్, ఛార్లెస్ బాబేజ్ తలపోసిన ఎనలిటికల్ ఇంజన్ అనే లెక్కల యంత్రం మీద వచ్చిన ఫ్రెంచి వ్యాసాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అసలు కన్నా పొడవైన వివరణలు దానికి జోడించింది. వాటిలో చివరిదానిలో బెర్నూలీ సంఖ్యలు కట్టే పద్ధతిని పట్టికగా వేసింది. ఇరవై అయిదు అంచెల ఆ పట్టికలో 13 నుంచి 23 దాకా ఉన్నవాటిని మళ్లీ చేయాలని రాసి ఉంటుంది. నన్ను అంతకన్నా ఆకట్టుకునేది అందులోని పదో గడి. ఇంకా ఎన్ని మిగిలాయో దానిలో ఉంటుంది. మొదట 3, కొన్ని అంచెలు దాటాక 2, ఇంకొన్ని దాటాక 1. ఆ ఇంజన్ ఎన్నడూ తయారు కాలేదు. తిప్పే యంత్రమే లేని రోజుల్లో ఎప్పుడు ఆగాలో చెప్పే లెక్క మాత్రం కాగితం మీద సిద్ధంగా ఉంది. మళ్లీ చేయమన్న ఆజ్ఞా, దాని లెక్కా కవలపిల్లల్లా ఒకే పట్టికలో పుట్టాయి.

కమాండ్ లైన్ దగ్గరికి వచ్చేసరికి ఆ రెండూ ఎందుకో విడిపోయాయి. 1971 నాటి తొలి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టంలో కెన్ థాంప్సన్ రాసిన షెల్‌కు లూపు అంటూ ఏదీ లేదు. ‘ఇఫ్’, ‘గోటూ’ కూడా షెల్ బయట విడి ప్రోగ్రాములుగానే ఉండేవి. 1979లో యూనిక్స్ ఏడో కూర్పుతో స్టీఫెన్ బోర్న్ షెల్ వచ్చింది. దానికి ‘ఫర్’ ఉంది, ‘వైల్’ ఉంది. కానీ ఆ ‘ఫర్’ ఒక జాబితాలోని మాటలను ఒక్కొక్కటిగా చేతికి అందిస్తుంది తప్ప తనంతట తాను లెక్కపెట్టదు. కౌంటర్‌కు ఒకటి కలపాలంటే ‘ఎక్స్‌పర్’ అనే మరో ప్రోగ్రామును పిలిచి, ఇంతకు ఒకటి కలిపి చెప్పమని అడిగి, అది చెప్పిన జవాబును తెచ్చుకోవాలి. మూడు వందల పేజీలకు మూడు వందల సార్లు ఒక ప్రోగ్రామును లేపి కూడిక చేయించాలన్నమాట. తర్వాతి షెల్‌లు తమలోనే లెక్కలు నేర్చుకున్నాయి. ఇవాళ మనం అలవోకగా వాడే రూపం, మీసాల బ్రాకెట్లలో 1, రెండు చుక్కలు, 312 అని రాసే పద్ధతి, బాష్ అనే షెల్‌లోకి 2004లోగాని రాలేదు.

ఈ చరిత్ర నాకు ఒక సంగతి చెబుతుంది. యూనిక్స్ కట్టినవాళ్ల దృష్టిలో పని అంటే పేర్ల జాబితా. ఈ ఫైలు, ఆ ఫైలు, ఇంకో ఫైలు. పేర్లున్నచోట అంకెలతో ఏం పని? ఆ మాటలో నిజం ఉంది. ఫైళ్లకు తమ పేర్లు తమకున్నప్పుడు వాటి పేర్ల మీదుగా తిరగడమే మేలు. అంకె అవసరమయ్యేది వరస ముఖ్యమైనచోట. పుస్తకంలో పేజీకి సొంత పేరేమీ ఉండదు, స్థానమే దాని పేరు. సర్వరుకు పంపిన కబుర్లన్నీ ఒక్క తీరే, ఎన్నోది అన్నదొక్కటే తేడా. అలాంటి చోట్ల కౌంటర్ లేకుండా లూపు రాయడం పిల్లలకు పేర్లు పెట్టకుండా బడికి పంపడమే.

లెక్క ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి? ప్రోగ్రాములు రాసేవాళ్లలో ఇది తెగని తగువు. 1982 ఆగస్టులో ఎడ్‌స్గర్ డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త చేత్తో రాసిన చిన్న పత్రం ఒకటి ఉంది. సున్నా నుంచే మొదలుపెట్టాలని ఆయన వాదన. మొదటి అంకెను లెక్కలోకి తీసుకుని, చివరి అంకెను బయట ఉంచితే, ఆ రెండిటి తేడాయే మొత్తం ఎన్నో చెప్పేస్తుంది. ఒక వరస ఎక్కడ ముగిసిందో తర్వాతి వరస అక్కడే మొదలవుతుంది. వాదన నిక్కమైనది. దాన్ని పాటించని చోట్ల తప్పులు ఎలా దొర్లుతాయో ఎవరైనా చూడవచ్చు. 101వ పేజీ నుంచి 150వ పేజీ దాకా ఎన్ని పేజీలు అంటే, తీసివేత చేసి 49 అనేవాళ్లు ఎందరో. ఉన్నవి 50.

అయినా పేజీల దగ్గర నేను 1 నుంచే మొదలుపెడతాను. కళ్లంలో ధాన్యం కొలిచే మనిషి మొదటి కుంచానికి ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. కుంచం నిండి ఒలికేదాకా ఆ అంకెనే రాగం తీస్తూ పదేపదే అంటుంటాడు. ఎవరైనా పలకరించినా, కాటా దగ్గర గోల లేచినా అంకె చెదరకుండా అతని నోట్లోనే ఉంటుంది. కౌంటర్ అనే వేరియబుల్ చేసేది కచ్చితంగా ఇదే. రెండు తడవల మధ్య ఎన్ని పనులు జరిగినా తన అంకెను నోట్లో పెట్టుకుని కూర్చుంటుంది. మొదటిదాన్ని ఏమని పిలవాలన్నది ఆ కళ్లం ఆచారం. ఒకసారి ఒప్పుకున్నాక అందరూ దాన్నే పాటించడం ముఖ్యం. డైక్‌స్ట్రా సున్నాకూ కొలగాడి లాభానికీ ఈ విషయంలో పేచీ లేదు.

నిజమైన చిక్కు వేరేచోట ఉంది. స్కాన్ చేసిన పుస్తకానికి రెండు లెక్కలుంటాయి. బొమ్మల లెక్క ఒకటి, పుస్తకంలో అచ్చయిన పేజీ అంకెల లెక్క మరొకటి. ముందు అట్ట, లోపలి అట్ట, ముద్రణ వివరాలు, అంకితం, ఒకటికి రెండు పీఠికలు, విషయసూచిక, ఇవన్నీ దాటాక గాని 1వ పేజీ రాదు. అది 17వ బొమ్మ కావచ్చు. అప్పుడు ప్రతి బొమ్మ అంకెలోంచి 16 తీసేస్తే అచ్చు పేజీ వస్తుంది. ఇంతవరకు సులువే. మధ్యలో ఫొటోల కాగితం వస్తుంది, దానికి అచ్చు అంకె ఉండదు. లేదా స్కాన్ చేసినవాళ్లు ఒక పేజీని రెండుసార్లు తీసి ఉంటారు. అక్కణ్నుంచి తేడా 17 అవుతుంది. కౌంటర్ తన దారిన తాను ఒక్కొక్కటే పెరుగుతూ పోతుంది, దానికి ఈ సంగతి తెలియదు. పుస్తకం తెరిచి చూసినవాడికే తెలుస్తుంది. లెక్క యంత్రానిది, ఆ లెక్క దేన్ని లెక్కపెడుతోందన్న ఎరుక మనిషిది. ఈ రెండిటినీ కలగలిపేస్తే విషయసూచిక ఒకచోటికి చూపిస్తుంది, అధ్యాయం ఇంకోచోట తెరుచుకుంటుంది.

అంకెను ఎలా రాయాలన్నది కూడా చిన్న విషయం కాదు. 312 ఫైళ్లకు 1, 2, 3 అని పేర్లు పెట్టేసి టెర్మినల్‌లో వాటి జాబితా అడగండి. కంప్యూటరు వాటిని మాటలుగా చూసి అక్షరక్రమంలో పేరుస్తుంది. 1తో మొదలయ్యేవన్నీ ముందుకొస్తాయి: 1, 10 నుంచి 19, 100 నుంచి 199. రెండో పేజీకి చోటు దొరికేది 112వ స్థానంలో. పాఠాలన్నిటినీ ఒక ఫైలుగా కలపమంటే ఆ వరసలోనే కలిపేస్తుంది. మొదటి పేజీలో పెళ్లిచూపులకు బయల్దేరిన నాయకుడు మరుసటి పేజీలో మనవణ్ని ఎత్తుకుని కనిపిస్తాడు. అందుకే 001, 002 అని ముందు సున్నాలు చేర్చి, అన్ని పేర్లనూ ఒకే పొడవుకు తేవాలి. డిజిటల్ లైబ్రరీ వాళ్లు ఎనిమిది అంకెలు ఎందుకు వాడారో ఇక్కడ అర్థమవుతుంది.

ఆ సున్నాలతోనూ జాగ్రత్తగా ఉండాలి. బాష్‌లో ముందు సున్నా ఉన్న అంకెతో కూడిక చేయబోతే, దాన్ని ఎనిమిదింటి లెక్కగా అనుకుంటుంది. ఆ లెక్కలో ఉన్నవి 0 నుంచి 7 దాకానే. 007 వరకు పని సాఫీగా సాగుతుంది, 008 దగ్గర ఇదేం అంకె అని షెల్ ఎదురు తిరుగుతుంది. దీనికి విరుగుడు సూటిగా ఉంటుంది. కౌంటర్‌ను సున్నాలు లేని మామూలు అంకెగానే ఉంచి లెక్కంతా దానితో చేయాలి. ఫైలు పేరు రాసే క్షణంలో మాత్రం ‘ప్రింట్ఎఫ్’ అనే కమాండుతో మూడు అంకెల వేషం వేయించాలి. లెక్కకు లెక్క, పేరుకు పేరు.

ఇక ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్న. నా దృష్టిలో లూపులో అన్నిటికన్నా నైతికమైన ప్రశ్న ఇదే. మొదలుపెట్టడానికి ఉత్సాహం చాలు, ఆపడానికి ముందే ఆలోచన కావాలి. లైనక్స్‌లో పింగ్‌కు ఎన్నిసార్లో చెప్పకపోతే మనం కంట్రోల్-సీ నొక్కేదాకా కొడుతూనే ఉంటుంది. విండోస్‌లోనిది నాలుగుసార్లు కొట్టి ఆగిపోతుంది. రెండింటికీ వాటి న్యాయం వాటికుంది. కానీ మనం రాసే లూపుకు హద్దు మనమే గీయాలి.

ఆ హద్దుల్లో జనం మర్చిపోయేది సున్నా. చేయాల్సిన పేజీలు అసలు లేకపోతే ఏమవాలి? ఏమీ జరగకూడదు. ఇంత తేలికైన జవాబు కూడా యంత్రాలకు చెప్పి చేయించాల్సి వచ్చింది. 1957లో ఐబీఎం నుంచి వచ్చిన ఫోర్‌ట్రాన్ భాష లెక్కతో తిరిగే లూపును అందరికీ అలవాటు చేసింది. కౌంటర్‌కు ఐ, జే, కే అని పేర్లు పెట్టే గణితజ్ఞుల అలవాటును పూర్ణాంకాల నియమంగా మార్చింది కూడా అదే. ఆ భాష పాత రూపాల్లో చాలావరకు, హద్దు ఎంతున్నా లూపు ఒక్కసారైనా తిరిగి తీరేది. సున్నాసార్లు అంటే సున్నాసార్లేనని ఫోర్‌ట్రాన్ 77 ప్రమాణంగాని తేల్చలేదు. ఇవాళ్టికీ బాష్‌లో మీసాల బ్రాకెట్లలో 1 నుంచి 0 దాకా అని రాస్తే, ఏమీ లేదనుకోదు. వెనక్కి నడిచి 1, 0 అని రెండు తిరుగుళ్లు తిరుగుతుంది. అదే ‘సెక్’ అనే కమాండును అడిగితే మౌనంగా ఊరుకుంటుంది. ఖాళీ చేతులతో వచ్చినవాడికి ఏం ఇవ్వాలో ముందే అనుకుని రాసిన లూపే నమ్మదగిన లూపు.

హద్దు లేకపోతే నష్టం మనకు మాత్రమే కాదు. ఒక పేజీని దించబోతే అవతలి సర్వరు పలకలేదనుకోండి. మళ్లీ అడగాలి. మళ్లీ పలకలేదు. మళ్లీ. ఆ సర్వరు అప్పటికే మోయలేని బరువుతో ఉంటే, ఆగకుండా తలుపు కొట్టే మన లూపు దాని మీద ఇంకో రాయి పెడుతుంది. ఈ మర్యాద తెలిసిన పనిముట్టు ‘కర్ల్’. మళ్లీ ప్రయత్నించమని దానికి చెబితే ఎన్నిసార్లో మనల్నే అడుగుతుంది. మొదట ఒక సెకను ఆగుతుంది, తర్వాత రెండు, ఆపైన నాలుగు. అలా రెట్టిస్తూ పది నిమిషాల దాకా వెళుతుంది. ఎన్నోసారి అడుగుతున్నానో గుర్తుంది గనకే ఎంతసేపు ఆగాలో దానికి తెలుసు. లెక్క మర్యాదగా మారడం అంటే ఇదే. పాత పుస్తకాలను ఉచితంగా పంచే సర్వర్ల నుంచి దించుకునేటప్పుడు, పేజీకీ పేజీకీ మధ్య ఒకటి రెండు సెకన్లు నిద్రపొమ్మని లూపుకు చెప్పడం నేను ఎన్నడూ మానను. అటువైపు ఇంకో పాఠకుడు ఉంటాడు.

లెక్కించే గడికీ ఒక హద్దు ఉంటుందని మరిచిపోకూడదు. 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ, బోయింగ్ 787 విమానాల విషయంలో ఒక ఆదేశం ఇచ్చింది. 248 రోజుల పాటు కరెంటు ఆపకుండా ఉంచితే, జనరేటర్లను అదుపు చేసే యూనిట్లలోని సాఫ్ట్‌వేర్ కౌంటర్ నిండి పొర్లుతుంది. దాంతో ఆ యూనిట్లన్నీ ఒక్కసారిగా పక్కకు తప్పుకునే ప్రమాదం ఉంది. అందుకని అంతకు ముందే కరెంటు ఒకసారి ఆపి తీరాలన్నారు. మన పుస్తకాల లూపులకు అంత గండం రాదు. అయినా ఒక్కొక్కటే పెరిగే అమాయకమైన అంకె ఎంత బరువు మోస్తుందో తెలియడానికి ఈ ఉదంతం చాలు.

కౌంటర్ విలువ నిజంగా తెలిసేది మధ్యలో ఆగిపోయినప్పుడు. కరెంటు పోతుంది, ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది, డిస్కు నిండుతుంది. తెర మీద చివరగా 213 అని ఉంటే 214 నుంచి మళ్లీ మొదలుపెడతాం. 215 నుంచి కాదు, ఎందుకంటే 214 మొదలై సగంలో ఆగి ఉండవచ్చు. ఇంకొంచెం శ్రద్ధగా రాస్తే, ఈ అంకెతో పూర్తయిన ఫైలు ఇప్పటికే ఉందా అని లూపే చూసుకుని, ఉంటే దాటుకుంటూ పోతుంది. అంకె లేని లూపు ఆగిపోతే చేసిందంతా వదులుకుని మొదటికి రావాలి. అంకె ఉన్న లూపు ఆగితే అది విరామం మాత్రమే.

ఇంత మెచ్చుకున్నాక దాని పరిమితి కూడా చెప్పాలి. కౌంటర్ ప్రయత్నాలను లెక్కపెడుతుంది, ఫలితాలను కాదు. 40వ బొమ్మ పాడైపోయి టెసరాక్ట్ చదవలేకపోయినా కౌంటర్ 41కి వెళ్లిపోతుంది. చివర 312 అని తెర మీద పడగానే అంతా అయిందని తృప్తిపడితే మోసపోతాం. అందుకే ప్రతి కమాండూ వెళ్తూ వెళ్తూ వదిలే సంకేతాన్ని చూడాలి. సున్నా అయితే క్షేమం, ఇంకేదయినా అయితే తేడా. తేడా వచ్చిన అంకెలను పక్కన ఇంకో ఫైల్లో రాసుకోవాలి. చేసినవి ఎన్ని, అయినవి ఎన్ని అన్నవి రెండు వేర్వేరు లెక్కలు. ఆ రెండూ సరిపోయినప్పుడే పని ముగిసినట్టు.

అప్పటికీ ముగియదనుకోండి. టెసరాక్ట్ క్షేమం అని చెప్పిన పేజీలోనే అక్షరాలు తారుమారై ఉంటాయి. కింది ఒత్తులు ఎగిరిపోతాయి, పొట్టలో చుక్కలు మాయమవుతాయి, పాత అచ్చులోని అరసున్నలూ బండి ‘ఱ’లూ ఏవేవో అవతారాలెత్తుతాయి. వాటిని పట్టుకోవడానికి తెలుగు చదివే కళ్లే కావాలి. ఆ కళ్లకు దారి చూపించేది మళ్లీ ఆ అంకే. 137వ పాఠంలో అనుమానం వస్తే 137వ బొమ్మను పక్కన పెట్టుకుని పోల్చి చూస్తాం. వికీసోర్స్‌లో తెలుగు పుస్తకాలను సరిదిద్దే పద్ధతి అంతా దీని మీదే నిలబడి ఉంది. అక్కడ ప్రతి పేజీకీ తన అంకెతో ఒక చోటు ఉంటుంది. ఎవరూ దిద్దని పేజీ ఎర్రగా, ఒకరు దిద్దినది పసుపుగా, ఇంకొకరు సరిచూసినది ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఒకరు 20వ పేజీ దిద్దుతుండగా, ఎన్నడూ ఒకరినొకరు చూడని మరొకరు ఇంకో ఊళ్లో 200వ పేజీ దిద్దవచ్చు. యంత్రం వేసిన అంకెల వరస మీద మనుషులు పని పంచుకుంటున్నారు.

అందుకే లూపులు రాయడం కొత్తగా నేర్చుకునే పిల్లలతో నేను మొదట మాట్లాడేది వేగం గురించి కాదు. రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి అంటాను: ఎక్కణ్నుంచి, ఎక్కడిదాకా, మధ్యలో ఆగితే ఎక్కణ్నుంచి? రాశాక, ప్రతి తిరుగుడులోనూ ఆ అంకెను తెర మీద చెప్పించండి అంటాను. దానికి పట్టేది ఒక్క వరస. ఆ ఒక్క వరస ఉంటే మీరు చేసిన పనిని రేపు మీరు నమ్మగలరు, మీరు లేనప్పుడు ఇంకొకరు అందుకుని ముందుకు తీసుకెళ్లగలరు. ఒక భాష పుస్తకాలు తరతరాల చేతులు మారి నిలవాలంటే, ఎవరు ఎక్కడిదాకా చేశారో తెలియాలి. ఎంత చేశామని చెప్పుకోవడం కన్నా ఎక్కడిదాకా వచ్చామో రాసిపెట్టడం మేలు, మన తర్వాత వచ్చేవాళ్లకు పనికొచ్చేది అదే.